'రెనోన్సాన్' – ఒక మాట, రెండు త్యాగాలు

1955లో పార్లమెంటు ఆమోదించిన హిందూ వివాహ చట్టాన్ని శ్రద్ధగా చదివే విద్యార్థికి 2వ సెక్షన్‌లో ఒక అపరిచితమైన మాట ఎదురవుతుంది. ఆ చట్టం ఎవరికి వర్తిస్తుందో చెప్పే సెక్షన్ అది. హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు వర్తిస్తుందని పేర్కొని, షెడ్యూల్డు తెగల విషయంలో మినహాయింపు చూపిన పిమ్మట, పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోని 'రెనోన్సాన్'లకు ఈ చట్టంలోని ఏ అంశమూ వర్తించదని అది తెలుపుతున్నది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోనూ ఇదే మినహాయింపు, ఇదే మాట. వివాహ చట్టంలో పారిభాషిక పదాలను వివరించే 3వ సెక్షన్ ఉన్నది గాని, ఈ మాటకు అందులో చోటు లేదు.

రెనోన్సాన్ ఒక కులం పేరు కాదు. మతం పేరు కాదు. తెగ పేరూ కాదు. అది ఒక ఫ్రెంచి క్రియాపదం నుంచి పుట్టిన మాట. 'వదులుకొనుచున్నవాడు' అని దాని అర్థం. ఏమి వదులుకొనుచున్నవాడు? ఎందుకు వదులుకొన్నాడు? వదులుకొన్నవాని పేరు మన దేశపు శాసన గ్రంథంలోకి ఎట్లా వచ్చినది? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడమంటే, ఒక మాట చరిత్రతో పాటు మన దేశ చరిత్రలో అంతగా ప్రచారంలో లేని ఒక అధ్యాయాన్ని కూడా చదవడమే.

వార్త నుంచి వదులుకోవడం దాకా

ఈ మాటకు మూలం లాటిన్ భాషలో ఉన్నది. ఆ భాషలో 'నూన్షియస్' అంటే వార్తాహరుడు, దూత. వార్త అనే అర్థమూ ఉన్నది. పోపు తరఫున ఇతర దేశాలకు వెళ్ళే రాయబారిని నేటికీ 'నూన్షియో' అనే వ్యవహరిస్తారు. ఆ పదం నుంచి 'ప్రకటించు' అనే అర్థంలో ఒక క్రియ ఏర్పడినది. దానికి ముందు 'తిరిగి' అనే అర్థమిచ్చే 'రె' అనే ఉపసర్గ చేరగా 'రెనూన్షియారే' అయినది. తిరిగి వచ్చి వార్త చెప్పడం, నివేదించడం దాని మొదటి అర్థం. ప్రాచీన రోము నగరంలో ఎన్నికలు ముగిసిన పిమ్మట గెలిచిన అధికారి పేరును అందరికీ వినిపించేటట్లు ప్రకటించడానికి కూడా ఈ క్రియనే వాడేవారు.

మరి ప్రకటించడం వదులుకోవడంగా ఎట్లా మారినది? రోమనుల లోకవ్యవహారంలోనే దీనికి సమాధానం ఉన్నది. ఒకరితో ఉన్న మైత్రిని, ఆతిథ్య సంబంధాన్ని, భాగస్వామ్యాన్ని తెంచుకొనదలచినవాడు ఆ మాటను అవతలివానికి తెలియజేయాలి. 'మన మధ్య ఇక సంబంధం లేదు' అని తిరుగు కబురు పంపడం కూడా రెనూన్షియారేయే. క్రమంగా కబురు మరుగున పడి, తెంచుకోవడమే ప్రధానార్థంగా నిలిచినది. క్రైస్తవ మతం వ్యాపించిన పిమ్మట, జ్ఞానస్నాన సమయంలో సైతానును విడిచిపెడుతున్నానని నోరు తెరిచి పలకడానికి ఈ మాటే వాడుకలోకి రావడంతో ఆ అర్థం మరింత బలపడినది. మధ్యయుగాలలో ఇదే ఫ్రెంచి భాషలో 'రెనోన్సే' అనే క్రియగా స్థిరపడి, అక్కడి నుంచి ఇంగ్లీషులో 'రినౌన్స్' అయినది. ఇంగ్లీషు పాఠాలలో మన విద్యార్థులు నేర్చుకొనే అనౌన్స్, ప్రొనౌన్స్, డినౌన్స్ అనే మాటలన్నీ ఈ కుటుంబంలోవే. ఒకటి ప్రకటన, ఒకటి ఉచ్చారణ, ఒకటి ఖండన. అన్నిటిలోనూ నోటితో పలకడం అనే బీజార్థం దాగి ఉన్నది.

ఈ సంగతి మనం గుర్తుంచుకోవలసినది. ఎవరికీ చెప్పకుండా మనసులో విడిచిపెట్టడం ఈ మాటకు అసలు అర్థం కాదు. నలుగురి ఎదుట పలికి విడిచిపెట్టడమే ఇందులోని త్యాగం.

ఇక 'ఆన్' అనే చివరి భాగాన్ని గురించి ఒక మాట. ఫ్రెంచి భాషలో క్రియకు ఈ ప్రత్యయం చేరితే, మన 'చున్న' వలె, జరుగుతున్న పనిని తెలుపుతుంది. ఆ రూపాలలో కొన్ని నామవాచకాలుగా స్థిరపడినవి. మనకు ఎంతో పరిచితమైన 'లెఫ్టినెంట్' ఇటువంటిదే. 'స్థానాన్ని పట్టి ఉన్నవాడు', అనగా పై అధికారికి బదులుగా నిలిచినవాడు అని దాని అర్థం. 'రెస్టారెంట్' అంటే 'తిరిగి శక్తినిచ్చేది'. మొదట అది బలం కోసం తాగే ఒక రసానికి పేరు. తరువాత దానిని అమ్మే చోటుకు పేరు అయినది. రెనోన్సాన్ కూడా ఈ అచ్చులో పోసిన మాటే.

మన చట్టాల ఇంగ్లీషు ప్రతులలో ఈ మాటను అచ్చువేసినప్పుడు ఒక చిన్న గుర్తు జారిపోయినది. ఫ్రెంచి లిపిలో ఇందులోని 'సి' అక్షరం కింద ఒక కొక్కెం ఉంటుంది. దానిని 'స'కారంగా పలకమని ఆ కొక్కెం చెబుతుంది. కొక్కెం లేకపోతే 'క'కారంగా పలకాలి. అందువల్ల చట్టం ద్వారా మాత్రమే ఈ మాటను ఎరిగినవారు 'రెనాన్‌కాంట్' అని చదవడం సహజం.

పేకముక్కలు, అప్పులు, దస్తావేజులు

ఈ కుటుంబానికి చెందిన మాటలు అనేక రంగాలలో తిరిగినవి. పేకాటలో ఒకరు వేసిన రంగు ముక్క మన చేతిలో లేకపోవడాన్ని ఫ్రెంచివారు 'రెనోన్స్' అంటారు. అటువంటప్పుడు వేరొక రంగు ముక్క వేయడాన్ని ఇంగ్లీషు ఆటగాళ్ళు 'రినౌన్స్' అన్నారు. ఇందులో త్యాగమేమీ లేదు. లేనిదానిని లేదని తెలపడం మాత్రమే ఉన్నది.

న్యాయశాస్త్రంలో దీని స్థానం మరింత పెద్దది. ఫ్రెంచి చట్టం ప్రకారం వారసత్వంతో ఆస్తితో పాటు అప్పులు కూడా సంక్రమిస్తాయి. అప్పులు ఎక్కువై ఆస్తి తక్కువైనప్పుడు వారసుడు ఆ వారసత్వమే తనకు వద్దని ప్రకటించవచ్చును. ఆ ప్రకటనకు 'రెనోన్సియాసియోన్' అని పేరు. మన రిజిస్ట్రారు కార్యాలయాలలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు వ్రాసుకొనే హక్కు విడుదల దస్తావేజు దీనికి దగ్గరి చుట్టం. భారత పౌరసత్వ చట్టం (1955) 8వ సెక్షన్‌లో పౌరసత్వాన్ని వదులుకొనే విధానానికి ఉన్న ఇంగ్లీషు పేరు కూడా ఈ మాట నుంచి వచ్చినదే.

ఇన్ని అర్థాలు ఉన్నా, మన దేశంలో రెనోన్సాన్ అనే మాట రెండు అర్థాలతో ప్రత్యేకంగా నిలిచినది. ఆ రెండూ భారతీయులను గూర్చినవే. ఆశ్చర్యమేమంటే, అవి పైకి ఒకదానికొకటి పూర్తిగా ఎదురుగా కనిపిస్తాయి. మొదటిది తెలియడానికి మనం ఫ్రెంచి పాలనలోని పుదుచ్చేరికి వెళ్ళాలి.

'మామూలు' రాజ్యం

పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం, చందర్‌నగర్ – ఈ ఐదు చోట్లనూ ఇంగ్లీషువారి నుంచి తిరిగి పొందిన తరువాత ఫ్రెంచి ప్రభుత్వం 1819 జనవరి 6న ఒక శాసనం చేసినది. దాని ద్వారా ఫ్రాన్సు దేశపు చట్టాలను ఇక్కడ ప్రవేశపెట్టినది. అయితే ముఖ్యమైన ఒక మినహాయింపును కూడా అందులో ఉంచినది. హిందువులు గాని, ముస్లిములు గాని, క్రైస్తవులు గాని, భారతీయులందరికీ పూర్వం వలెనే తమ తమ కులాల శాస్త్రాలు, ఆచారాలు, అలవాట్ల ప్రకారమే తీర్పులు చెప్పాలన్నది ఆ మినహాయింపు. కులాచారానికి ఆ కాలపు ఫ్రెంచి కాగితాలలో వాడిన మాట 'మామూల్'. అరబ్బీ నుంచి వచ్చి మన తెలుగులో స్థిరపడిన 'మామూలు'కూ దీనికీ భేదం లేదు. ఆచరణలో ఉన్నది, వాడుకలో ఉన్నది అని దాని అర్థం.

ఆ విధంగా ఒకే పట్టణంలో, ఒకే ప్రభుత్వం కింద, పెండ్లి, దత్తత, విభాగం, వారసత్వం అనే విషయాలలో మనిషికొక చట్టం అయినది. ఏ చట్టం వర్తిస్తుందో పుట్టుకే నిర్ణయించేది. దీనినే ఫ్రెంచివారు 'వ్యక్తిగత ప్రతిపత్తి' అన్నారు.

ఈ ఏర్పాటు ఫలితాన్ని తెలుగువారు తమ ముంగిటనే చూశారు. బాల్యవివాహాలను నిషేధించిన శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి బ్రిటిషు ఇండియాలో అమలులోకి వచ్చినది. గౌతమీ తీరాన ఉన్న యానాం మాత్రం ఫ్రెంచి ప్రాంతం. అక్కడ ఆ చట్టం చెల్లదు. ఫ్రెంచి చట్టమేమో హిందువుల వివాహాల జోలికి పోకుండా ఆచారానికే విడిచిపెట్టినది. అందువల్ల చుట్టుపట్ల జిల్లాల నుంచి ఎందరో తల్లిదండ్రులు పసిపిల్లలను వెంటబెట్టుకొని యానాం వెళ్ళి పెండ్లిళ్ళు జరిపించి వచ్చేవారు. ఆ కారణంగా ఆ ఊరికి కళ్యాణపురం అనే పేరు కూడా వచ్చినది. ఆచారాన్ని ముట్టుకోకుండా విడిచిపెట్టడం అన్ని వేళలా బలహీనునికి మేలు చేయదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలును.

బూట్ల వివాదం

ఆచారమే చట్టమైన చోట, ఆచారంలో తక్కువ స్థానం పొందినవాడు చట్టంలోనూ తక్కువవాడుగానే మిగిలిపోతాడు. ఈ సత్యాన్ని అనుభవపూర్వకంగా గ్రహించిన పుదుచ్చేరి న్యాయవాది పొన్నుత్తంబి పిళ్ళై. ఆయన 1873లో యూరోపియన్ పద్ధతి మేజోళ్ళు, బూట్లు ధరించి న్యాయస్థానానికి వెళ్ళాడు. భారతీయ న్యాయవాది ఆ విధంగా రావడం ఆచార విరుద్ధమని అక్కడి న్యాయమూర్తి ఆక్షేపించాడు. ఆ వివాదం సముద్రాలు దాటి పారిస్‌లోని అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళినది. అక్కడ పొన్నుత్తంబి పిళ్ళైకే విజయం లభించినది.

చూడడానికి ఇది పాదరక్షల తగవు. దాని వెనుక ఉన్న ప్రశ్న మాత్రం చిన్నది కాదు. ఒక మనిషి తాను పుట్టిన ఆచారం నుంచి తన ఇష్టప్రకారం బయటికి రావచ్చునా? వస్తే అతడు ఏ చట్టం కిందికి వస్తాడు?

ఈ ప్రశ్నకు 1881 సెప్టెంబరు 21 నాటి శాసనం సమాధానమిచ్చినది. ఏ కులానికి, ఏ మతానికి చెందినవారైనా, స్త్రీలైనా పురుషులైనా, 21 సంవత్సరాలు నిండిన భారతీయులు అధికారి ఎదుట ప్రకటన చేసి తమ వ్యక్తిగత ప్రతిపత్తిని వదులుకోవచ్చును. ఆ క్షణం నుంచి వారికి ఫ్రాన్సు దేశీయులకు వర్తించే పౌర, రాజకీయ చట్టాలే వర్తిస్తాయి. వారి భార్యలకు, మైనరు బిడ్డలకు కూడా అవే వర్తిస్తాయి. ప్రకటన చేసేవారు తమకూ తమ సంతతికీ ఒక ఇంటిపేరును అప్పుడే ఎంచుకోవాలి. ఒకసారి చేసిన ప్రకటనకు తిరుగులేదు. దానిని రద్దు చేసుకొనే అవకాశం లేదు.

ఈ ప్రకటన చేసినవారే రెనోన్సాన్‌లు. మతాన్ని వదులుకోవాలని శాసనం అడగలేదు. వారిలో క్రైస్తవులు ఉన్నారు, హిందువులు ఉన్నారు. కులవ్యవస్థలో అడుగున నలిగినవారు ఎందరో ఈ ద్వారం గుండా నడిచారు. పొన్నుత్తంబి పిళ్ళై తాను ఎంచుకొన్న ఇంటిపేరు 'లాపోర్త్'. ఫ్రెంచి భాషలో ఆ మాటకు ద్వారం అనే అర్థం.

ఓటు, ఉద్యోగం, సైగాన్

వ్యతిరేకత కూడా తీవ్రంగానే వచ్చినది. షణ్ముగ వేలాయుధ ముదలియార్ నాయకత్వంలో ఆచారపరులైన హిందువులు మరొక పక్షంగా నిలిచారు. సొంత ధర్మాన్ని విడవకుండానే ఫ్రెంచి ప్రజాస్వామ్యంలో ఓటు హక్కు అనుభవించవచ్చునన్నది వారి వాదం. ఫ్రెంచి ఇండియా అప్పటికే పారిస్‌లోని శాసనసభకు ప్రతినిధిని పంపుతూ ఉండేది. 1884లో స్థానిక సభల ఎన్నికల కోసం ఓటర్లను మూడు జాబితాలుగా విభజించారు: యూరోపియన్లది ఒకటి, రెనోన్సాన్‌లది ఒకటి, తక్కిన భారతీయులది ఒకటి. సమానత్వం కోసం ఆచారాన్ని విడిచిపెట్టినవారికి యూరోపియన్ల సరసన చోటు దొరకలేదు. వారికంటూ ఒక వేరు గది కట్టి ఇచ్చారు.

అయినా చాలామంది ఆ మాటలో ఉన్న విలువను మరొక దేశంలో పొందడానికి ప్రయత్నించారు. ఫ్రెంచివారు వియత్నాం దక్షిణ భాగాన్ని ఆక్రమించిన తరువాత పుదుచ్చేరి, కారైకాల్ వాసులు గుమాస్తాలుగా, పోలీసులుగా, సైనికులుగా, వర్తకులుగా సైగాన్ నగరానికి వెళ్ళారు. యూరోపియన్ ఉద్యోగులకు ఉన్న జీతభత్యాలు, సదుపాయాలు తమకూ ఇవ్వాలని అక్కడి రెనోన్సాన్‌లు కోరారు. ఇక్కడ మరొక చేదు నిజాన్ని కూడా చెప్పుకోవాలి. తమ ఊరిలో సమానత్వం కోసం పోరాడినవారే అక్కడ వలస పాలనకు చేతులుగా పనిచేశారు. అక్కడి వియత్నామీయులకు లేని హక్కు ఒకటి తమకు ఉన్నదన్నది వారి బలం.

ఆస్తి విషయంలో ఈ మార్పు ఇంటి లోపలికి కూడా వచ్చినది. ఫ్రెంచి పౌరస్మృతి కొడుకులకు, కూతుళ్ళకు సమాన భాగం ఇస్తుంది. తండ్రి మరణశాసనం వ్రాసినా బిడ్డలను పూర్తిగా కాదనలేడు. ఆనాటి హిందూ ఆచారంలో కూతురికి లేని హక్కు ఇది. అయితే 1804 నాటి ఆ పౌరస్మృతి భార్యను భర్తకు విధేయురాలిగా ఉండమని శాసించినది కూడా. ఫ్రాన్సులోనే వివాహిత స్త్రీకి స్వతంత్ర న్యాయ ప్రతిపత్తి 1938 దాకా రాలేదు. కనుక ఒక ఇంటిలో కూతురికి లాభమైన ప్రకటనలో భార్యకు స్వేచ్ఛ దొరికినదని చెప్పలేము. భర్త సంతకం చేస్తే ఆమె చట్టం కూడా మారిపోయినది. ఆమె పలకవలసిన మాట ఏదీ లేదు.

కాషాయం ధరించిన రెనోన్సాన్

ఇక రెండవ అర్థం. దీనిని చెప్పినవాడు లూయీ ద్యుమోన్ అనే ఫ్రెంచి సమాజ శాస్త్రజ్ఞుడు. తమిళనాడులో క్షేత్ర పరిశోధన చేసినవాడాయన. 1959లో భారతీయ మతాలలో త్యాగాన్ని గూర్చి ఆయన ప్రకటించిన వ్యాసం విద్వాంసులలో పెద్ద చర్చకు కారణమైనది. అందులో ఆయన సన్న్యాసికి వాడిన ఫ్రెంచి మాట రెనోన్సాన్ అనేదే.

కులసమాజంలో మనిషి ఎప్పుడూ ఒక సముదాయంలో అంగమే. ఏ సంబంధమూ లేకుండా తనకు తానుగా నిలిచే వ్యక్తి అందులో లేడు. సమాజాన్ని విడిచిన సన్న్యాసి మాత్రమే అటువంటి వ్యక్తి – ఇది ద్యుమోన్ వాదపు సారం. సన్న్యాసులూ మఠాలు, పరంపరలు, శిష్యవర్గాలు అనే బంధాలలోనే ఉంటారని ఆక్షేపించిన పండితులు ఉన్నారు. ఆ చర్చ ఎట్లా ఉన్నా, ఒకే మాట కింద నిలిచిన ఈ ఇద్దరినీ పక్కపక్కన ఉంచి చూస్తే కలిగే ఎరుక విలువైనది.

ఒకడు లోకాన్ని విడిచి అడవికి వెళ్ళేవాడు. మరొకడు ఉద్యోగం, ఓటు, ఆస్తి హక్కు కోరి లోకంలోకి మరింత లోతుగా వచ్చేవాడు. పోలికే లేదనిపిస్తుంది. కాని చట్టపు కంటితో చూడండి. సన్న్యాసం స్వీకరించేవాడు ప్రైషమంత్రాన్ని నోటితో ఉచ్చరించి సర్వం విడిచినట్లు ప్రకటిస్తాడు. పుదుచ్చేరి రెనోన్సాన్ అధికారి ఎదుట ప్రకటన చేస్తాడు. సన్న్యాసికి పూర్వాశ్రమ నామం పోయి కొత్త పేరు వస్తుంది. రెనోన్సాన్‌కు కొత్త ఇంటిపేరు వస్తుంది. సన్న్యాసి తనకు తానే శ్రాద్ధం పెట్టుకొంటాడు. హిందూ న్యాయశాస్త్రం అతనిని కుటుంబ ఆస్తి విషయంలో మరణించినవానిగానే లెక్కిస్తుంది. రెనోన్సాన్ కూడా కులాచారం ఇచ్చే వారసత్వ నియమాలకు మరణించినవాడే. సన్న్యాసం నుంచి వెనుకకు వచ్చినవాడు ఆరూఢపతితుడు. 1881 శాసనంలోనూ వెనుకకు దారి లేదు.

ఇద్దరూ విడిచినది ఒక్కటే: పుట్టుక నిర్ణయించిన ధర్మం. ఒకడు మోక్షం కోసం విడిచాడు, ఒకడు సమానత్వం కోసం విడిచాడు.

విడువనివాడు విడిచినవాడైన విధం

అయితే ఇద్దరికీ మధ్య ఒక గొప్ప భేదం ఉన్నది. ఈ మాట చరిత్ర మనకు నేర్పే పాఠం అక్కడే ఉన్నది.

సన్న్యాసం వారసత్వంగా రాదు. దానిని ఎవరికి వారే స్వీకరించాలి. తండ్రి సన్న్యసించాడని కొడుకు సన్న్యాసి కాడు. పుదుచ్చేరి రెనోన్సాన్ విషయంలో తండ్రి సంతకం బిడ్డలకు, బిడ్డల బిడ్డలకు కూడా చెల్లుబాటవుతూ వచ్చినది. నేటి రెనోన్సాన్ ఏ అధికారి ఎదుటా నిలబడలేదు, ఏ ప్రకటనా చేయలేదు, దేనినీ వదులుకోలేదు. ఎన్నో తరాల కిందటి పూర్వుడు పలికిన ఒక్క వాక్యం మూలంగా అతడు 'వదులుకొనుచున్నవాడు'గా పుడుతున్నాడు. పుట్టుక నుంచి విడుదల పొందడానికి ఏర్పడిన మాట చివరకు పుట్టుకతో వచ్చే గుర్తుగా మారినది.

ఫ్రెంచి పాలన ముగిసినప్పుడు ఈ విషయం స్పష్టంగా బయటపడినది. 1954 జూన్ 13న దడాల రాఫేల్ రమణయ్య నాయకత్వంలో యానాం విముక్తి పొందినది. అదే సంవత్సరం అక్టోబరు 18న కీళూరులో జరిగిన ఓటింగులో 178 మంది ప్రజాప్రతినిధులలో 170 మంది భారత యూనియన్‌లో విలీనానికి అనుకూలంగా ఓటు వేశారు. నవంబరు 1న పాలన భారత ప్రభుత్వం చేతికి వచ్చినది. 1956 మే 28న సంతకమైన ఒప్పందం 1962 ఆగస్టు 16న అమలులోకి వచ్చినది.

ఆ ఒప్పందం ప్రకారం ఆ ప్రాంతంలో పుట్టి అక్కడే నివసిస్తున్న ఫ్రెంచి జాతీయులు సాధారణంగా భారత పౌరులవుతారు. ఫ్రెంచి జాతీయతను నిలుపుకోదలచినవారు ఆరు నెలల లోపల వ్రాతపూర్వకంగా కోరుకోవాలి. అట్లా కోరుకొన్నవారికి 'ఓప్తాన్' అని పేరు వచ్చినది. కోరుకొనుచున్నవాడు అని అర్థం; ఇదీ అదే ప్రత్యయంతో ఏర్పడిన మాట. రెనోన్సాన్, ఓప్తాన్ అనే మాటలను ఒకటిగా భావించడం పొరపాటు. మొదటిది 1881 నాటి పౌరచట్టానికి సంబంధించినది. రెండవది 1962 నాటి జాతీయతకు సంబంధించినది. రెనోన్సాన్ అయి ఓప్తాన్ కానివారు ఉన్నారు. వారు సంపూర్ణంగా భారత పౌరులు. పెండ్లి, వారసత్వ విషయాలలో మాత్రం వారు ఫ్రెంచి పౌరస్మృతి కిందనే ఉండిపోయారు.

1963 జూలై 1న పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమైనది. భారతదేశపు అనేక చట్టాలు ఆ సంవత్సరం అక్టోబరు 1 నుంచి అక్కడికి విస్తరించినవి. అప్పుడు ఒక చిక్కు ఎదురైనది. మతం చేత హిందువులైన రెనోన్సాన్‌లకు హిందూ చట్టాలు వర్తించాలా? వారి పూర్వులు కోరి విడిచిపెట్టినది హిందూ ధర్మశాస్త్రాన్నే కదా. శాసనకర్తలు ఆ పాత నిర్ణయాన్ని గౌరవించి మినహాయింపు ఇచ్చారు. ఈ వ్యాసం మొదట మనం చూసిన ఉపవిభాగం ఆ విధంగా పుట్టినది.

ఆ గౌరవానికి ఒక మూల్యం కూడా ఉన్నది. పుదుచ్చేరిలో ఒక ఇంటి ఆస్తికి తగవు వస్తే, ముత్తాత రెనోన్సాన్ అవునా కాదా అన్నది మొదటి ప్రశ్న కావచ్చును. పాత ఫ్రెంచి రిజిస్టరులోని ఒక సంతకం మీద నేటి మనుమరాలి భాగం ఆధారపడి ఉంటుంది. ఫ్రాన్సు తన పౌరస్మృతిని తరువాత ఎంతగా సవరించుకొన్నా, ఆ సవరణలు వాటంతట అవే ఇక్కడికి రావు. నది ముందుకు సాగిపోగా దాని పాత పాయ ఇక్కడ నిలిచిపోయిన విధం ఇది.

మాట నేర్పే పాఠం

స్వతంత్ర భారత శాసనం ఇటువంటి విషయంలో అనుసరించిన పద్ధతిని పోల్చి చూడడం విద్యార్థులకు ఉపయోగకరం. పౌరసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం తల్లి గాని తండ్రి గాని భారత పౌరసత్వాన్ని వదులుకొంటే మైనరు బిడ్డ కూడా దానిని కోల్పోతాడు. అయితే ఆ బిడ్డ యుక్తవయస్సు వచ్చిన తరువాత ఒక సంవత్సరం లోపల ప్రకటన చేసి దానిని తిరిగి పొందవచ్చును. పెద్దల త్యాగం బిడ్డలను కట్టిపడవేయకుండా ఒక తలుపు తెరచి ఉంచినది మన చట్టం. 1881 శాసనంలో లేనిది ఆ తలుపే.

జాతీయ సమైక్యత అంటే అందరూ ఒకే మూసలో ఒదగడమని కొందరు భావిస్తారు. ఎవరి ఆచారాన్ని వారికి విడిచిపెడితే చాలునని మరికొందరు భావిస్తారు. యానాం పెండ్లిళ్ళు రెండవ అభిప్రాయంలోని లోపాన్ని చూపుతాయి. సమానత్వం కోరి వచ్చినవారి కోసం కట్టిన మూడవ జాబితా మొదటి అభిప్రాయం చేసే వాగ్దానం ఎంత సులభంగా తప్పిపోతుందో చూపుతుంది. ఈ రెండింటి నడుమ రెనోన్సాన్ అనే మాట ఒక ప్రశ్నగా నిలిచి ఉన్నది: మనిషి తన చట్టాన్ని తాను ఎన్నుకోగలిగినప్పుడు, అతని బిడ్డకు కూడా ఆ ఎన్నిక ఉండవద్దా?

వార్తాహరుని నోట పుట్టిన మాట ఇది. నలుగురూ వినేటట్లు పలకడమే దాని ప్రాణం. కనుక ఎవరి మాటను వారే పలికినప్పుడు మాత్రమే అది త్యాగం అవుతుంది. ఒకరు పలికిన మాటను మరొకరు మోయవలసి వచ్చినప్పుడు, ఎంత మంచి ఉద్దేశంతో పలికినదైనా, అది మరొక మామూలుగా మారిపోతుంది.